బకెట్ల వరస

మా హాస్టల్లో మోటారు రాత్రి పదిన్నరకు వేసేవాళ్లు.
కర్నూలు ఎండ ఇంకా దిగని గోడకు వీపులానించి
పద్నాలుగు మందిమి, పద్నాలుగు బకెట్లు.
నెయిల్ పాలిష్‌తో రాసుకున్న పేర్లు:
ఉరుకుందమ్మ, మాబున్ని, సుంకులమ్మ, జయశీల.
నాది కడ్డీ ఊడి తాడు కట్టిన పచ్చ బకెట్టు,
దానికి పేరక్కర్లేదు.

రూములు పంచిన రోజే గుల్జార్ మేడం మెలిక పెట్టింది.
ఆమె స్టాటిస్టిక్స్, కింది గదిలోనే కాపురం.
ఒక గ్రూపు వాళ్లు ఒక గదిలో వద్దంది.
బీకాం పక్కన బాటనీ, బాటనీ పక్కన చరిత్ర.
"నలుగురూ ఒకటే చదివితే
నలుగురికీ ఒకే జ్వరం వస్తాది" అని.
తిట్టుకున్నాం. నోట్సు ఎవరిని అడగాల?
మొదటి నెల పెట్టెలకు తాళాలు,
పచ్చడి సీసాలకు కూడా.

మాటలు మొదలుపెట్టింది నీళ్లే.
బకెట్టు అడుగున పేరుకున్న తెల్లపొక్కు మీద
జయశీల నిమ్మచెక్క పిండింది.
సన్నగా నురుగొచ్చింది.
"సున్నం మే. దినామూ తాగుతాండేది ఇదే."
ఆ రాత్రి నీళ్లు నిండినాక కూడా
ఎవరం గదుల్లోకి పోలేదు.

మర్నాడు మాబున్ని ఒక ఉల్లిగడ్డ తెచ్చింది.
వాళ్ల నాయన మార్కెట్ యార్డులో హమాలీ.
క్వింటాలు మూడొందలకు పడిన నాడు
రైతు బస్తాలు అక్కడే ఇడిసి బస్సెక్కినాడంట.
మోసిన కూలి ఎవర్నడగాలో తెలీక
నాయన బస్తాల కాడే నిలబడినాడంట, చీకటి పడేదాకా.
ఎకనామిక్స్ పుస్తకంలో ధర గీత కిందికి జారుతుంది.
దాని కొసన ఒక మనిషి నిలబడి ఉంటాడని
ఆ పేజీలో లేదు.

నాది తెలుగు. నా వంతుకు గురువులూ లఘువులూ
బకెట్టు మీద కొట్టి చూపబోయినా.
సుంకులమ్మ పకపకా నవ్వింది,
"మా నాయన తప్పెట ఇదే గదా!"
అని నేలమీద చేతులాడించింది.
వాళ్ల నాయన ఊర్లో ఏ పని చేస్తాడో
అంతవరకూ ఎవరికీ చెప్పని పిల్ల.
నా నోట్సులో ఒక గణం తప్పు, ఆ రాత్రే దిద్దుకున్నా.

జనవరిలో ఉరుకుందమ్మ బకెట్టు ఉంది, ఉరుకుందమ్మ లేదు.
ఇంటిల్లిపాదీ సుగ్గికి పోయినారు,
గుంటూరు దిక్కు, మిరప కోతకు.
కోసిగి కాడ వాళ్ల వీధిలో సగం తలుపులకు తాళాలంట.
బకెట్టు పక్కకు తీద్దామని ఎవరో అన్నారు.
మేడం ఏమీ అనలేదు,
కాలితో దాన్ని ఒక జానెడు ముందుకు జరిపింది.
నింపినాం. పొద్దున కానుగ మొక్కకు పోసినాం.
రోజూ అదే పని.

పదిన్నరకు ఆ బకెట్టు మీదే ఫోను, స్పీకరు పెట్టి.
అవతల డేరా. కుక్కలు. ఎవరి పిల్లో ఏడుపు.
జువాలజీ తెలీని జయశీల జువాలజీ చదివేది:
"కప్ప గుండెలో నాలుగు గదులు..."
"మూడే మే! సరిగ్గ సూసి సదువు."
కొన్ని రాత్రులు ఊపిరి మాత్రమే వినపడేది.
అయినా ఆపలేదు,
నిద్రపోయిన మనిషికి పాఠం ఆఖరిదాకా చదివినాం.

మార్చి కొసన వచ్చింది.
చేతుల మంటకు కళ్లు నలుపుకోలేదు,
మోచేత్తో తుడుచుకుంటాంది.
ఆ రాత్రి వంతు ఆమెదే. ఏం చెప్తావంటే
చున్నీ ముడి విప్పి, నలిగిన చీటీలు పరిచింది.
కాటా కాడ మేస్త్రీ వేలు ఎట్ల ఆనిస్తాడో,
కిలోకు ఎన్ని గ్రాములు మాయమో,
డెబ్బై ఒక్క దినాలకు, ఐదుగురి చేతులకు
మొత్తం ఎంత పోయినట్టు మేడం?

మేడం సుద్దముక్క తెచ్చి
నాపరాయి మీద లెక్క మొదలుపెట్టింది.
ఒకచోట సున్నా మరిచింది,
పద్నాలుగు గొంతులు ఒక్కసారే అరిచినాయి.

మోటారు ఆపడం ఎవరికీ గుర్తు లేదు.
బకెట్లు పొంగి నీళ్లు లెక్క దాకా వస్తాంటే
సుంకులమ్మ తన చున్నీ చుట్ట చుట్టి
అడ్డం వేసింది.